బొందు గీత

కరెంటు పోయింది. ఎన్‌లార్జర్ కింద ఫొటో కాగితానికి వెలుగు పట్టించి, స్విచ్ ఆపి, కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తానో లేదో తల పైన ఎర్రబల్బు టప్పున ఆరిపోయింది, ఇన్వర్టర్ పొద్దుటి కోతకే చచ్చి ఊరుకుంది, బొగ్గు గనుల్లో పని ఆపేశారు, బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడుల్లేవు, ఆఫీసుల్లేవు, సకల జనులూ సమ్మెలో ఉన్నారు, దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో పని చేస్తున్నది ఈ సూర్యప్రభ ఒక్కతే అని ఎవరో చాడీ చెప్పినట్టు సరిగ్గా నా చేతిలో కాగితం ఉన్నప్పుడే పోయింది. సరే, పో. చీకటి నాకు కొత్తా. కాగితాన్ని తడుముకుంటూ నల్ల కవరులో పెట్టి మూతి మడిచాను. ఇదే ఆఖరి కాగితం, బొంబాయి నుంచి రావలసిన డబ్బా ఏ లారీలో ఏ ఊరి పొలిమేరలో ఆగిందో తెలియదు. కాగితం మీద బొమ్మ పడింది కానీ డెవలపర్‌లో ముంచితే తప్ప పైకి రాదు, ముంచాలంటే ఎర్రవెలుగు కావాలి, ఎందుకంటే ఈ బొమ్మంతా ఒక గీత మీద ఉంది, రాములమ్మ నడుం చుట్టూ ఉన్న నల్లగీత, కాస్త ముందు తీస్తే ఆ గీత రాదు, కాస్త ఆలస్యమైతే నలుపులో కలిసిపోతుంది, కళ్లతో చూస్తూ పట్టుకోవాలి. అందుకని స్టూలు మీద కూర్చున్నాను, కవరు ఒళ్లో పెట్టుకుని, కరెంటు కోసం. కరెంటు కంటే ముందు వాళ్లు వస్తారేమో. రోడ్డు మీద వంటావార్పు అయిపోగానే వస్తామన్నారు, అన్నం ఉడికిన వాసన షటర్ సందులోంచి ఇక్కడిదాకా వస్తూనే ఉంది, డప్పు మాత్రం ఇంకా ఆగలేదు.

వాళ్లంటే ఇద్దరు. ఒకడు రాములమ్మ కొడుకు రాజు, ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆటో నడిపేవాడు, ఇప్పుడు ఆటో పక్కన పెట్టి జెండా పట్టాడు. రెండోవారు ఈ బిల్డింగు ఓనరు మల్లికార్జునరావుగారు, మా నాన్న స్నేహితుడు, నేను బాబాయిగారూ అని పిలిచే మనిషి. ఒకరికి తెలంగాణ రావాలి, ఒకరికి రాకూడదు, ఈ రెండేళ్లలో ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకున్నది లేదు, నా మీదికి మాత్రం కలిసి వస్తున్నారు. చీకట్లో ఒక్కదాన్నే కూర్చుని ఈ సంగతి తలుచుకుంటే నవ్వొస్తోంది, ఇన్ని చర్చలు ఢిల్లీలో జరిగినా కలవనివాళ్లను కలపడానికి ఒక ముసలమ్మ వీపు సరిపోయింది. రాములమ్మ బొమ్మ నెగటివ్ వాళ్ల చేతికివ్వాలట, లేదా వాళ్ల కళ్లముందు నా చేత్తో నేనే కాల్చాలట, రెండూ కాదంటే షాపు ఖాళీ చేయాలట. విచారణ జరగలేదు, తీర్పు మాత్రం ముందే వచ్చేసింది. ఇవ్వను. కాల్చను. షాపు సంగతంటారా, నలభై ఏళ్లుగా ఈ గోడలకు ఫొటోలు కడిగే హైపో వాసన పట్టించిన వాళ్లం, మమ్మల్ని పంపినా వాసనను పంపలేరు.

హైపో వాసన అంటే నాకు నాన్న వాసనే. చొక్కాకు, వేళ్లకు, పెట్టే అన్నం ముద్దకు కూడా. నాన్న పేరుతో ఉన్న పట్టాభి ఫొటో స్టూడియో అంటే మూసారాంబాగ్ నుంచి చంపాపేట్ దాకా ఒక పేరు, ఎందుకంటే పట్టాభి చేతిలో పడితే ఎవరైనా బాగుపడతారు, మశూచి మచ్చలు పోతాయి, కళ్లకింద నలుపు పోతుంది, ముక్కు కాస్త నిటారవుతుంది. అదంతా నెగటివ్ మీద పెన్సిల్ పని, సూదిలా చెక్కిన పెన్సిల్, కిటికీ దగ్గర అద్దం బల్ల, దాని ముందు నేను. కొంచెం తెల్లగా రానివ్వండి పట్టాభిగారూ అనేవారు అందరూ, రంగు సంగతి అడగనివాళ్లు నాకు గుర్తు లేరు, నేనే తెల్లగా రానిచ్చేదాన్ని, పెళ్లికూతుళ్లను, బాలెంతలను, చచ్చిపోయినవాళ్లను కూడా. ఒకసారి ఒక పెద్దావిడ పోయింది, దండ వేయడానికి పాత ఫొటో పెద్దది చేసి ఇమ్మన్నారు, నేను ముడతలన్నీ తుడిచి, నుదుటి మీద గాటు తుడిచి, పెదవి పక్కన పుట్టుమచ్చ కూడా దుమ్మనుకుని తుడిచేశాను. కూతురొచ్చి ఫొటో చూసి, బాగుందండీ అంది, అని అక్కడే నిలబడి ఏడ్చింది, మా అమ్మ ఏదండీ ఇందులో అంది. నాన్న మళ్లీ చేసిచ్చారు. నేను పెన్సిల్ అయితే చెక్కుతూనే ఉన్నాను గానీ ఆ మాట పోలేదు. ఏదండీ ఇందులో. ఎవరి మొహం మీద పెన్సిల్ పెట్టినా అదే. చివరికి ఒక ఆదివారం షటర్ దించేసి, కెమెరాకు టైమర్ పెట్టి, నన్నే నిలబెట్టుకున్నాను, ఒంటి మీద నూలుపోగు లేకుండా, తుడవడానికి ఎవరూ లేకుండా. భయం వేసింది, సిగ్గు కూడా వేసింది, ఫిల్మ్ కడిగి చూస్తే మాత్రం రెండూ కనపడలేదు, భుజం ఎముక కనపడింది, మోకాలి మీద చిన్నప్పటి దెబ్బ కనపడింది, ఓహో నేను ఇక్కడున్నానన్నమాట అనిపించింది. 

నాన్న చూశారు. క్లిప్పుకు వేలాడుతున్న నెగటివ్‌ను చూసి, చూడనట్టు గోడవైపు తిప్పి, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నారు, అంతే, రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పాస్‌పోర్టు ఫొటోలు కోసే కత్తెర తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నువ్వు మానవని నాకు తెలుసు, తీస్తే తీయి, కానీ ఎవరిని తీసినా తీసినవన్నీ వాళ్లకు చూపించు, వాళ్లకు వద్దన్నది వాళ్ల చేతే కోయించు, వాళ్లు ఉంచమన్నదే నీది అన్నారు. కత్తెర ఎత్తి ఇచ్చాక నువ్వు నోరెత్తకూడదు, అది కూడా అన్నారు. అప్పటి నుంచి ఆ కత్తెరే నా రాజ్యాంగం. నాలాగే ఒంటి మీద ఏమీ లేకుండా దిగిన చంపాపేట్ టీచరమ్మ వచ్చి, కడుపు మీద ఆపరేషన్ కుట్టు కనపడిన ఫ్రేములన్నీ కోసేసింది, అవే అన్నిట్లోకీ గొప్ప బొమ్మలు, కరకరమని కోస్తుంటే నా ప్రాణం కోసినట్టుంది, నోరెత్తలేదు. మలక్‌పేట పహిల్వాన్ తాత ఒక్కటీ కోయకుండా కత్తెరకు దండం పెట్టి వెళ్లాడు. అందుకే బయట నన్ను ఎవరేమన్నా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సినిమా హాలు ముందు రెండంతస్తుల ఎత్తున ఒక పిల్ల బొడ్డు వేలాడదీస్తారు, దాని కింద నిలబడి భక్తులు బస్సెక్కుతారు, అది ఎవరికీ బూతు కాదు. ఆ పిల్ల చేతికి ఎవడైనా కత్తెర ఇచ్చాడా అని నేనడిగితే మాత్రం నాది తలతిక్క.

డప్పు దగ్గరకొచ్చింది. జై తెలంగాణ అని ఒక గొంతు లేస్తోంది, వంద గొంతులు అందుకుంటున్నాయి, గాజు కూజా సన్నగా అదురుతోంది. పోనీ రానీ, నాకేం, వస్తే రానీ, రాష్ట్రం సంగతి నేను నాన్న ఉన్నప్పుడే తేల్చుకున్నాను, ఇల్లు కట్టుకున్నవాడి కంటే ఆ ఇంటి గోడకు నీళ్లు కొట్టినవాళ్లకు ఎక్కువ హక్కుంది అని భోజనాల దగ్గర అంటే నాన్న మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశారు. నేను మూసారాంబాగ్‌లో పుట్టాను, వానాకాలం మూసీ కంపు పీల్చి పెరిగాను, అయినా నోరు తెరిస్తే కృష్ణా నీళ్లే వస్తాయి, కూరగాయల బండి దగ్గర ఎంతండీ అనగానే, మీరు గుంటూరా మేడం అంటారు. బాబాయిగారి దృష్టిలో నేను ఇంటి గుట్టు బయటపెట్టినదాన్ని, రాజు దృష్టిలో గోడ అవతలిదాన్ని. అడకత్తెరలో పోకచెక్క అంటారు, అందరూ ఆ చెక్క మీద జాలి పడతారు, అది కూడా గట్టిదే అన్న సంగతి ఎవరూ అనరు.

ఆ గోడకు నీళ్లు కొట్టినామె రాములమ్మ. బాబాయిగారు పైన ఇంకో అంతస్తు లేపినప్పుడు ఎల్బీ నగర్ అడ్డా నుంచి మేస్త్రీ తెచ్చిన కూలీల్లో ఒకామె, మునుగోడు దిక్కున ఊరు, అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితాగి వెన్ను వంగింది, తట్టలు మోయలేదు కాబట్టి పైపు పట్టుకుని కొత్త గోడలు తడిపే పని ఇచ్చారు. మంచినీళ్లు లేక వంగిన మనిషి రోజంతా గోడలకు నీళ్లు తాగించేది. మధ్యాహ్నం నీడ కోసం నా షాపు మెట్టు మీద కూర్చునేది, తలుపు తెరిచినప్పుడల్లా లోపల గోడమీద బొమ్మల వంక చూసేది. ఒకరోజు ఆమే అడిగింది, గీళ్లంత ఎవలు బిడ్డా అని. చెప్పాను, దాచకుండా. ఎందుకు దిగిన్రు అంది. ఎవరి కారణం వాళ్లది, నాకు చెప్పరు, నేను అడగను అన్నాను. ఆకు నమిలి పక్కకు ఉమ్మి, నన్ను దింపుతవా అంది. నేను నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమె మళ్లీ ఆ మెట్టు మీద కూర్చునేది కాదు.

ఎవరొచ్చినా నా పద్ధతి ఒకటే. ముందు ఒక గంట. వదులు నైటీ ఇస్తాను, లోపల ఏమీ ఉండకూడదు, గడియారం, గాజులు, మొలతాడు అన్నీ తీసేసి కూర్చోవాలి, టీ తాగాలి, మాట్లాడితే మాట్లాడాలి లేకపోతే లేదు. బట్టలు విప్పినంత మాత్రాన మనిషి విప్పుకున్నట్టు కాదు, ఎలాస్టిక్ చారలు, కుట్ల గుర్తులు, సాక్సు అచ్చులు ఒంటిని పట్టుకునే ఉంటాయి, బట్ట పోయినా బట్ట నీడ పోదు, అది పోవడానికి ఆ గంట. గంటలో చర్మం సర్దుకుంటుంది, మనిషి కూడా సర్దుకుంటాడు, కొందరు ఆ గంటలోనే లేచి వద్దులెండి అని వెళ్లిపోతారు, టీ అయినా తాగారు కదా అని సంతోషిస్తాను. రాములమ్మ కూడా కూర్చుంది. కథలు చెప్పింది, మొగుడు లచ్చయ్య నడుం పడిపోయి మంచంలోనే పోయిన కథ, రాజును సంకనేసుకుని హైదరాబాదు వచ్చిన కథ. గంట అయింది. నైటీ తీసి కిటికీ వైపు తిరిగి నిలబడింది, ఒక చెయ్యి గోడకు ఆనించి, మోచేతి దగ్గర పచ్చబొట్టు తేలు గోడ ఎక్కుతున్నట్టుంది. అన్ని గుర్తులూ పోయాయి, ఒక్కటి తప్ప. నడుం చుట్టూ లంగా బొందు కట్టే చోట వేలెడంత నల్లగీత, నిగనిగలాడుతూ, ఎడమవైపు ముడి పడేచోట ఇంకా లావై, కాయ కాసినట్టు. ఇంకో గంట కూర్చోమన్నాను. కూర్చుంది. మళ్లీ నిలబడింది, గీత అక్కడే ఉంది. కొంచెం నూనె రాయనా అన్నాను, సన్నగా మర్దన చేస్తే తగ్గుతుందేమోనని, నా చెయ్యి అప్పటికే కనపడని పెన్సిల్ కోసం వెతుకుతోంది. రాములమ్మ తల తిప్పకుండానే, మెడ తిరగదు ఆమెకు, కిటికీతో చెప్పినట్టు చెప్పింది.

"అది పోదు బిడ్డా. పెండ్లినాడు కట్టిన బొందు, ఒక్కనాడు ఇప్పి ఉన్నది లే. రేపు కాష్టంల నేనంత కాలినంక గుడ అదే ఆఖరుకు కాలుతది. నీకు నేను గావాల్నా, గది లేనిది గావాల్నా?"

నా ఇన్నేళ్ల పద్ధతి ఆ మాటతో కూలబడింది. బట్ట నీడ పోతే మనిషి మిగులుతుందని కదా అనుకున్నాను, బట్టే మనిషిలోకి దిగిపోయిన చోట ఏం చేస్తావు సూర్యప్రభా, గంట కాదు, ఏడాది కూర్చోబెట్టు. నైటీ వేసుకుని తిరిగే ఈ కాలం పిల్లలకు ఈ గీత ఉండదు, మా అమ్మకుంది, స్నానానికి వీపు రుద్దేటప్పుడు చూసి కూడా చూడలేదు, మా అమ్మమ్మకు ఉండి ఉంటుంది, కోస్తా అయినా తెలంగాణా అయినా బొందు ఒక్కటే కదా, దానికి సరిహద్దు ఎవరు గీశారు. ఆ గీత మీదే ఫోకస్ పెట్టాను. తీసినన్నీ తీశాను. మర్నాడు చిన్న ప్రింట్లు చూపించి కత్తెర చేతికిస్తే, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, నెగటివ్‌లో ఒక్కొక్క ఫ్రేమునూ కోసి పడేసింది, గిండ్ల సిగ్గువడ్డ, గిండ్ల గూడ సిగ్గువడ్డ, వద్దు, అంటూ. చివరికి ఒకటి మిగిలింది. గిది ఉండనియ్యి అంది. ఆ ఒక్కటే బంజారాహిల్స్‌లో ఒక ప్రదర్శనలో నలుగురి బొమ్మలతో పాటు గోడకెక్కింది, చిన్న సైజులో, మొహం లేదు, పేరు లేదు. రెండోరోజు ఒక పేపరువాళ్లు దాన్ని అచ్చేశారు. అచ్చేసినవాళ్లు అలాగే అచ్చేస్తే ఏ గొడవా ఉండేది కాదు, నడుం నుంచి కిందికి ఒక నల్లపట్టీ వేసి మరీ అచ్చేశారు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు. నల్లపట్టీ లేకపోతే అది ఒక ముసలమ్మ వీపు, నల్లపట్టీ వేశాక అది దాచాల్సిన సంగతి అయింది. ఆ గీత కూడా పట్టీ కిందికే పోయింది. తేలు మాత్రం మిగిలింది. ఆ తేలును చూసే రాజు పోల్చుకున్నాడు.

ఫోన్ చేశాడు. నిజం చెప్పాలంటే ఏడుస్తున్నాడు, కోపంగా ఏడుస్తున్నాడు. మా అమ్మను గట్ల నిలబెట్టనీకె మీకెట్ల మనసొప్పింది మేడం, మా నీళ్లు తీస్కపోయిన్రు, మా కొలువులు తీస్కపోయిన్రు, ఆఖరుకు మా ఆడోళ్ల ఇజ్జత్ గుడ తీస్కపోతరా అన్నాడు. నీళ్ల సంగతిలో అతనిదే నిజం, ఆ నిజం వాళ్లమ్మ వెన్నులో ఉంది, అదే నేను తీశాను, అని చెబుదామనుకుంటే అవతల హోరు. కాసేపటికి చల్లబడి ఇంకో మాటన్నాడు, కంప్యూటర్ల చీర కట్టియ్యరాదు మేడం, గులాబీ రంగుది, గా వంగిన ఎన్నుతోని ఎల్బీ నగర్ చౌరస్తాల ఫ్లెక్సీ నేనే కట్టిస్త, మా ఊరి నీళ్ల గురించి లోకం చూస్తది అని. అదే రోజు సాయంత్రం బాబాయిగారు మెట్లు దిగి వచ్చి, చెప్పులు బయట విడిచి, కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్న మాటా అదే. ఏంటమ్మా ప్రభా ఇది, రోజులు చూస్తే ఇలా ఉన్నాయి, నువ్వు చేసినదానికి రేపు మన అద్దాలన్నీ పగలగొడతారు, ఏ ఎండకా గొడుగు పట్టాలి కదమ్మా, కంప్యూటర్లో ఓ చీర కట్టించేసి గొడవ వదిలించుకో అన్నారు. ఆయన చెప్పిన చీర తెల్లది. చూశారా, ఉద్యమం ఒక రంగు చీర కడుతుంది, వ్యతిరేకం ఒక రంగు చీర కడుతుంది, కట్టాలన్న దగ్గర మాత్రం తేడా లేదు. మా పెన్సిల్ చచ్చిపోలేదన్నమాట, కంప్యూటర్లో దూరింది. 

చీర కట్టించనన్నాను, అయితే నెగటివ్ ఇవ్వమన్నారు, ఇవ్వనన్నాను. ఇద్దరికీ ఒకటే చెప్పాను, ఆ బొమ్మను కోసే చెయ్యి ఒకటే ఉంది, అది రాములమ్మది, ఆమెను తీసుకురండి, ఆమె కోస్తానంటే కత్తెర నేనే అందిస్తాను, మీరడిగితే గోరు కూడా ఇవ్వను. తీస్కొస్త అన్నాడు రాజు. అనడం గొప్పగానే అన్నాను, కానీ కొడుకు పక్కన నిలబడితే ఏ తల్లి కత్తెర వదిలేస్తుంది, అడ్డాలో, బస్తీలో, బంధువుల్లో ఆమె బతకాలి కదా, నేను ఈ చీకటిగదిలో బతికినట్టు కాదు కదా. కోసేస్తుంది. నేను నోరెత్తకూడదు. ఎత్తను కూడా. కోస్తే కొయ్యనీ, ఆమె బొమ్మ ఆమె కోసుకుంటుంది, మీకోసం మాత్రం కాదు, నేను ఓడిపోయేది ఆ అమ్మ చేతిలో మాత్రమే, మీ చేతిలో కాదు. ఇలా అనుకుంటుంటే ధైర్యంగానే ఉంది. ఒకటే పట్టుదల. ఆమె ఇంతవరకూ ఆ బొమ్మను అగ్గిపెట్టె అంత సైజులోనే చూసింది. కోసేముందు పెద్దది చూడాలి, తన నడుం ఎంత ఉందో అంత. అందుకే ఆఖరి కాగితం. అందుకే ఈ కరెంటు. రా, ఒక్క ఐదు నిమిషాలు వచ్చి పో.

షటర్ మీద చెయ్యి పడింది. దబదబా కాదు, అరచేత్తో రెండు తట్లు. డప్పు ఎప్పుడు ఆగిందో గమనించనే లేదు. షటర్ పైకి లేచిన చప్పుడు, చెప్పుల చప్పుడు, మేడం అని రాజు గొంతు, ప్రభమ్మా అని బాబాయిగారి గొంతు, వాటి వెనకాల చిన్న దగ్గు, నాకు తెలిసిన దగ్గు. వచ్చింది. కరెంటు రాలేదు. నా చేతిలో కవరు, చుట్టూ చీకటి, ఈ తలుపు ఇప్పుడు తీసి వెలుగులో కూర్చుని మాట్లాడుకోవచ్చు, పెద్ద బొమ్మ లేదమ్మా, చిన్నదే చూసి కోయి అనొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. నాకేం తోచిందో, డార్క్‌రూం తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీయకుండా ఇంకాస్త బిగించాను.

"తలుపు ముట్టుకోకండి," అన్నాను. "వెలుగు పడితే బొమ్మ చస్తుంది. రాములమ్మా, నీదే, కడిగి తెస్తున్నాను. కూర్చో."

"కానియ్యి బిడ్డా, గింత దూరం నడిచొచ్చినం, ఇంగ జరసేపు కూసుంట," అంది అవతల్నుంచి.

రాజు ఏదో అన్నాడు, గడియ కదిలింది, ఆగింది, ఆమె ఏదో అని ఉంటుంది. నేను కవరు విప్పాను. ఎడమచేతి పక్కన డెవలపర్, మధ్యలో నీళ్లు, కుడిపక్కన హైపో, ఈ మూడు ట్రేలకూ నాకూ మధ్య కళ్ల అవసరం ఎప్పుడో తీరిపోయింది అనుకునేదాన్ని, ఇవాళ తెలుస్తుంది. కాగితం చల్లగా జారింది. ట్రే అంచు పట్టుకుని ఊపుతున్నాను, మెల్లగా, ఉయ్యాల ఊపినట్టు. ఏమీ కనపడదు. కనపడకపోతేనేం, వరుస నాకు తెలుసు, ముందు కిటికీ చట్రం వస్తుంది, తర్వాత గోడకు ఆనిన చెయ్యి, తర్వాత తేలు, తర్వాత వెన్ను వంపు, ఎముక ఎముకా, అన్నిటికంటే చివర ఆ గీత, మొండిది, అన్నీ వచ్చాక గానీ రాదు. బయట రాములమ్మ మంచినీళ్లడిగింది, బాబాయిగారు తన ఇంట్లోకి కేకేశారు, గ్లాసు చప్పుడు, గటగట తాగిన చప్పుడు, సల్లగున్నయి అయ్యా అంది, అక్కడ, ఇప్పుడు, గీత వచ్చింది, నాకు తెలిసింది, తీసేశాను, నీళ్లలో ముంచాను, హైపోలోకి తోశాను. పోతే పోయింది, వస్తే వచ్చింది. హైపో పట్టేదాకా ఊపుతూనే ఉండి, అప్పుడు గడియ తీశాను.

పగటి వెలుగు ఒక్కసారిగా కళ్లలో గుచ్చింది. ట్రే రెండు చేతులా పట్టుకుని తెచ్చి కౌంటరు మీద పెట్టాను, ఆ పక్కనే చిన్న కవరులో నెగటివ్ పెట్టాను, దాని మీద నాన్న కత్తెర పెట్టాను, వెనక్కి జరిగి నిలబడ్డాను. అనుకున్నదానికంటే కొంచెం నల్లగా వచ్చింది. కిటికీ అవతల చెట్టు పోయింది, గోడ పెళ్లలు కొన్ని పోయాయి. గీత ఉంది. బాబాయిగారు ఒకసారి చూసి వీధివైపు తిరిగారు. రాజు చూడనేలేదు, కళ్లు నేలకేసి, అమ్మా, కత్తెర తీస్కో, కొయ్యి, పోదాం అన్నాడు. కత్తెర ఆమె తీసుకుంది.

"ఆగురా. సూడనియ్యి," అంది. మొత్తం ఒళ్లంతా తిప్పి, వంగి, ట్రే మీదికి మొహం తెచ్చింది. "నా ఎనక నేనెన్నడు సూసుకోలే." చాలాసేపు చూసింది. తడిసిన కాగితం మీద గీత వెంట వేలు నడిపింది, ఈ చివరి నుంచి ఆ చివరికి. "ఏందిది, బొందు గింత మీదికి కడ్తనా నేను?" అని నన్నే అడిగింది. వేలు ముడి దగ్గర ఆగింది. "అరె రాజు, సూడు. సిగ్గెందుకు? సంకలుంటే నువ్వు కాలు ఆనిచ్చిన జాగ గిదే."

రాజు తలెత్తాడు. చూశాడు. రాములమ్మ చెయ్యి చాచింది, కాయితం తే అంది, అతను జేబులోంచి మడిచిన పేపరు ముక్క తీసి ఇచ్చాడు. దాన్ని విప్పి కౌంటరు మీద ట్రే పక్కన పరిచింది, తన వీపు, తన తేలు, మధ్యలో అచ్చుసిరా నల్లపట్టీ. అదీ ఇదీ రెండూ చూసింది. కత్తెర తెరిచింది. నేను నెగటివ్ వైపు చూడకుండా ఉండటానికి ఆమె చేతి వంకే చూస్తున్నాను, కత్తెర నెగటివ్ మీదికి పోలేదు, పేపరు మీదికి పోయింది, పట్టీ మూలలో పొడిచి, చుట్టూ కోసింది, నింపాదిగా, ఫ్రేములు కోసిననాటిలాగే. నల్లముక్క ఊడివచ్చింది. దాన్ని రాజు అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"గిది నాది కాదు. ఎవలు పెట్టిన్రో వాళ్లకే ఇయ్యి పో."

రాజు పిడికిలి మూసుకుని అలాగే నిలబడ్డాడు, బాబాయిగారు షటర్ దగ్గర చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటున్నారు, ఖాళీ చేయమనే మాట ఇవాళ ఆయన నోట రాలేదు, రేపు వస్తే రానీ. నాకు ఏడుపొచ్చింది, వచ్చిందని దాచుకోలేదు కూడా. రాములమ్మ నా వంక చూడలేదు, కత్తెర అంచులు బొటనవేలితో తడిమి చూసుకుని, పిడి నా వైపు తిప్పి చేతికిచ్చింది.

"మొద్దువడ్డది బిడ్డా, సాన పట్టియ్యి," అంది. "ఇంకా ఎవలెవలు వస్తరో."

పట్టిస్తానన్నాను.